లీడర్‌షిప్ కోర్సు: క్యారెక్టర్‌కి ఒక వారం, సమయస్ఫూర్తికి ఒక వారం అని విడదీస్తే కుదురుతుందా?

కొత్త బోధకుడు:

అందరికీ నమస్కారం. ఒక శిక్షణ సంస్థలో ఈ మధ్యే చేరాను. యూనిఫాం సర్వీసులకు ఎంపికైనవాళ్ళూ, సివిల్ పరిపాలనలోకి వెళ్ళేవాళ్ళూ మా దగ్గరికి వస్తారు. ఇద్దరికీ కలిపి నడిపే నాయకత్వ కోర్సును తిరగరాసే పని నా మీద పడింది.

ఇప్పుడున్న డ్రాఫ్ట్‌లో మొదటి వారం 'విలువలు, నైతికత'. లెక్చర్లు, కేస్ స్టడీలు, చివర్లో ఒక ప్రతిజ్ఞ. రెండో వారం 'మారే పరిస్థితుల్లో నిర్ణయాలు'. సిమ్యులేషన్లు, ఔట్‌డోర్ టాస్కులు, రాత్రిపూట ఎక్సర్‌సైజులు. కాగితం మీద బాగానే ఉంది, పైవాళ్ళకీ నచ్చింది. నాకే మింగుడు పడటం లేదు. మొదటి వారంలో నియమం తప్పకు అంటాం. రెండో వారంలో నియమం పనికిరాని చోట సొంత బుర్ర వాడు అంటాం. రెండూ నిజమే కావచ్చు. ఒకే మనిషిలో ఈ రెండూ ఎలా ఇముడుతాయో మాత్రం ఎక్కడా చెప్పడం లేదు. పోయిన బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇదే అడిగింది: "రెండో వారంలో మంచి మార్కులు రావాలంటే మొదటి వారం మర్చిపోవాలా సర్?"

సైన్యంలో గానీ ప్రభుత్వంలో గానీ పనిచేసినవాళ్ళు, ముఖ్యంగా శిక్షణ ఇచ్చినవాళ్ళు చెప్పండి. పుస్తకాల జాబితాలు వద్దు, అవి నా దగ్గర చాలా ఉన్నాయి.

అడ్డ ప్రశ్న:

క్యారెక్టర్ నేర్పేది కాదండీ. ఇరవై రెండేళ్ళు పెరిగొచ్చిన మనిషికి వారం రోజుల్లో నిజాయితీ ఎక్కిస్తారా? ఎంపిక దగ్గరే వడపోయాలి. సైన్యానికి ఆఫీసర్లను ఏరే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) చూడండి. ఐదు రోజులు దగ్గర పెట్టుకుని సైకాలజిస్టు ఒకరు, గ్రూప్ టాస్కుల ఆఫీసరు ఒకరు, ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు ఒకరు, ముగ్గురూ వేర్వేరుగా అంచనా కడతారు. అలా ఏరుకున్నాక మీరు నేర్పాల్సింది పని మాత్రమే. మొదటి వారం ఎత్తేయండి, రెండో వారాన్నే రెండు వారాలు నడపండి. ప్రతిజ్ఞ చేయించినంత మాత్రాన మారినవాణ్ణి నేనైతే చూడలేదు.

పాత పటాలం:

పదాతిదళంలో పనిచేసి, చివరి కొన్నేళ్ళు శిక్షణ వైపు వచ్చి రిటైరైనవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు దాటేసుకోండి.

ముందు అడ్డ ప్రశ్న గారికి. ప్రతిజ్ఞల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ఎంపిక గురించి ఒప్పుకోను. ఎస్‌ఎస్‌బీ వాళ్ళు చూసే గుణాలు 15. చొరవ ఉంది, నిర్ణయ వేగం ఉంది, ధైర్యం ఉంది, ఆఖరికి హుషారు కూడా ఉంది. నిజం చెప్పడం అని విడిగా ఒకటి లేదు. వాళ్ళని తప్పు పట్టడం లేదు, ఐదు రోజుల్లో అది బయటపడదు. మామూలు మనిషి అబద్ధం చెప్పేది ఒళ్ళు అలిసినప్పుడు, పని ఆలస్యమైనప్పుడు, పక్కవాడు చెప్పి తప్పించుకోవడం చూసినప్పుడు. అది సర్వీసులోకి వచ్చాక మొదలయ్యే సంగతి.

అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో కూడా గట్టిగానే ఏరతారు. అక్కడి క్యాడెట్ నియమం ఒక్క వాక్యం: క్యాడెట్ అబద్ధమాడడు, మోసం చేయడు, దొంగిలించడు, అలాంటివాళ్ళని సహించడు. అయినా 1976లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సబ్జెక్టులో గదికి తీసుకెళ్ళి ఎవరికి వాళ్ళు చేసుకు రమ్మని ఇచ్చిన పరీక్షలో మూకుమ్మడిగా కాపీ కొట్టి, 150 మందికి పైగా బయటికి పోవాల్సి వచ్చింది. వ్యోమగామి ఫ్రాంక్ బోర్మన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. కుర్రాళ్ళది తప్పే, కానీ అకాడమీకి కూడా ఇందులో వాటా ఉంది అని ఆ కమిషన్ తేల్చింది. పోయినవాళ్ళలో చాలామందికి మళ్ళీ చేరే అవకాశం ఇచ్చారు. ఏరుకోవడంతోనే పనైపోయేటట్టయితే ఈ గొడవంతా ఎందుకు వచ్చేది?

ఇక అసలు ప్రశ్న. మీ రెండు వారాలు కలిసే చోటు ఒకటుంది. అది రిపోర్టు. కిందివాడు పైకి పంపే మాట.

కమాండరు ప్లాన్ మార్చుకోవాలంటే ముందు తన ప్లాన్ చెడిందని తెలియాలి. ఆ సంగతి మ్యాప్ చెప్పదు. ముందున్న సెక్షన్ కమాండరు రేడియోలో చెప్పాలి, "ఇంకా కాలువ దాటలేదు" అని. ఆ మాట అనడానికి నామోషీ పడి "దాటేశాం" అన్నాడనుకోండి. వెనకున్న మేజరు ఎంత చురుకైనవాడైనా, సిమ్యులేషన్లన్నిట్లో ఫస్టొచ్చినవాడైనా, లేని పరిస్థితికి ప్లాన్ మారుస్తాడు. కాలువ ఇవతల మనవాళ్ళెవరూ లేరని నమ్మి అక్కడ ఫిరంగి కాల్పులు వేయిస్తాడు. సమయస్ఫూర్తి, చొరవ, నిర్ణయ వేగం అన్నీ ఉన్నాయి ఆ మేజరుకి. చచ్చేది మాత్రం కాలువ ఇవతల ఉన్నవాళ్ళు. అందుకే నా లెక్కలో నిజాయితీ అనేది నీతి పాఠం కంటే ముందు యుద్ధ సామగ్రి. అది లేని దళం మారలేదు. దేన్ని బట్టి మారాలో దానికి తెలియదు మరి.

రెండో వారాన్నే రెండు వారాలు చేయమన్నారు. ఆ ప్రయోగం ఒక దేశం చేసి చూసింది. పరిస్థితిని బట్టి మారడంలో ప్రష్యా అనే పాత జర్మన్ రాజ్యపు సైన్యాన్ని అందరూ గురువుగా చెప్పుకుంటారు. 1806 అక్టోబరు 14న యేనా, ఆవర్‌స్టెట్ దగ్గర ఒక్క రోజులో నెపోలియన్ సేనల చేతుల్లో చిత్తయ్యాక, షార్న్‌హోర్స్ట్ లాంటి సంస్కర్తలు సైన్యాన్ని మొదట్నుంచీ కట్టారు. ఆఫీసరు కావడానికి పుట్టుక కాదు, శాంతికాలంలో చదువు, యుద్ధంలో ధైర్యం కావాలని 1808లో నియమం తెచ్చారు. 1810లో బెర్లిన్‌లో యుద్ధ పాఠశాల పెట్టారు. 1857లో మోల్ట్‌కే జనరల్ స్టాఫ్ అధిపతి అయ్యాక, ఏం సాధించాలో పైవాడు చెప్పడం, ఎలా సాధించాలో కిందివాడికి వదిలేయడం ఆ సైన్యంలో పాతుకుపోయింది. ఈ ముక్క ప్రతి లీడర్‌షిప్ కోర్సులోనూ ఒక స్లైడ్‌గా ఉంటుంది. నేను కూడా వాడాను.

స్లైడ్ అక్కడితో ఆగిపోతుంది. కథ ఆగలేదు. ఆ సంప్రదాయంలో పెరిగిన జర్మన్ సైన్యమే 1934 ఆగస్టు 2 నుంచి రాజ్యాంగానికి కాక హిట్లర్ అనే మనిషికి పేరు పెట్టి ప్రమాణం చేసింది. పట్టుబడిన సోవియట్ రాజకీయ కమిసార్లను (సైన్యంలో ఉండే కమ్యూనిస్టు పార్టీ అధికారులను) కాల్చేయమని 1941 జూన్ 6న వచ్చిన ఉత్తర్వు, సొంత బుర్ర వాడటం నేర్చిన ఆ ఆఫీసర్ల చేతుల మీదుగానే కిందికి దిగింది. కొందరు మొరాయించారు. చాలామంది అమలు చేశారు. ఎలా చేయాలో తేల్చుకునే స్వేచ్ఛ మనిషికి ఇచ్చి, ఏది చేయకూడదో అతనిలో గట్టిపరచకపోతే వచ్చేది అదే.

శిక్షణ సంగతికొస్తే నాకు గురి కుదిరిన మనిషి అమెరికన్ సైన్యాధికారి జార్జ్ మార్షల్. 1920ల్లో చైనాలోని తియెన్‌త్సిన్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక విన్యాసంలో ఓ ఆఫీసరు డెబ్బై మందికి ఆర్డరు రాయలేక కొట్టుకుంటూ ఉండటం చూశాడు. వాకబు చేస్తే, ఆయన అమెరికాలోని ఫోర్ట్ బెన్నింగ్ ఇన్‌ఫెంట్రీ (పదాతిదళ) స్కూల్లో మొదటి ర్యాంకు! ఆ స్కూలు తన చేతికి రావాలని మార్షల్ అప్పుడే అనుకున్నాడు. 1927లో వచ్చింది, 1932 దాకా ఉంది. చేసిన మార్పులు పెద్ద సిద్ధాంతాలేం కావు. అన్ని వివరాలూ ఉన్న చక్కటి మ్యాపులు తీసేసి, అరకొర మ్యాపులు ఇవ్వడం. శత్రువు గురించి సగం సమాచారమే చెప్పడం. ఎక్సర్‌సైజు నడుస్తుండగానే పరిస్థితి మార్చేయడం. పేజీల కొద్దీ రాసే ఆర్డర్ల బదులు నోటితో నాలుగు ముక్కల్లో చెప్పించడం. స్కూలు ముందే రాసిపెట్టుకున్న జవాబుకి పూర్తిగా ఎదురెళ్ళినా సరే, సొంత ఆలోచన కనిపించిన విద్యార్థి జవాబుని క్లాసంతటికీ పంచాలన్నాడు. ఈ ఆఖరిది చిన్నదిగా కనిపిస్తుంది. బోధకుడిగా పనిచేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

ఆ మనిషి క్యారెక్టర్ ఎక్కడ కనిపించిందంటే 1938 నవంబరు 14న వైట్ హౌస్ మీటింగులో. యుద్ధం వస్తే విమానాలు కావాలి, పది వేలు కావాలి అని అధ్యక్షుడు రూజ్వెల్ట్ చెప్పుకొచ్చాడు. వాటికి పైలట్లు, సిబ్బంది, మిగతా సైన్యం మాటేమిటన్నది లేదు. గదిలో అందరూ తలలూపారు. చివర్లో మార్షల్‌ని అడిగితే, క్షమించాలి, నేను ఏమాత్రం ఒప్పుకోను అన్నాడు. బయటికొచ్చాక తోటివాళ్ళు ఇక ఈయన పని అయిపోయిందనుకున్నారు. 1939 సెప్టెంబరు 1న అదే రూజ్వెల్ట్ ఆయన్ని సైన్యాధిపతిని చేశాడు. తర్వాత విదేశాంగ మంత్రి, రక్షణ మంత్రి, 1953లో నోబెల్ శాంతి బహుమతి. (మన సైన్యాధిపతి మానెక్‌షా 1971లో ఇందిరా గాంధీకి 'ఇప్పుడే కాదు' అన్న కథ చెప్పలేదేమని అడక్కండి, అది అందరికీ నోటికొచ్చు.)

నేను క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా మార్షల్ ధైర్యం గురించే చర్చ జరిగేది. నాకేమో అందులో సగం రూజ్వెల్ట్ గొప్ప అనిపిస్తుంది. కాదన్న మనిషి పేరు గుర్తుపెట్టుకుని పైకి తెచ్చాడు. కోర్సు రాసేటప్పుడు కాదనేవాడికి ఎంత శిక్షణ ఇస్తారో, కాదనిపించుకునేవాడికీ అంత ఇవ్వాలి. దాన్ని ఎవరూ సిలబస్‌లో పెట్టరు.

ఫైలు నోట్:

పటాలం గారు చెప్పిన రిపోర్టు మాట దగ్గర ఆగిపోయాను. జిల్లా పరిపాలనలో చాలా కాలం పనిచేశాను. మా వైపు నుంచి రెండు మాటలు, ఒకటి మీతో కలుస్తుంది, రెండోది కలవదు.

కలిసేది. ఒడిశాకి 1999 అక్టోబరు 29న సూపర్ సైక్లోన్ వచ్చింది. సుమారు 10 వేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది, అది కూడా చాలా తీవ్రమైన తుపానే. తీరం నుంచి దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. మృతులు 50 లోపే. మధ్యలో ఏం జరిగిందంటే అందరూ షెల్టర్లు, హెచ్చరిక వ్యవస్థ గురించి చెబుతారు, అవి నిజమే. లోపల పనిచేసినవాళ్ళకి కనిపించేది ఇంకొకటుంది: మాక్ డ్రిల్. "షెల్టర్ సిద్ధం" అని కాగితం మీద రాయడానికి నిమిషం చాలు. డ్రిల్ రోజు జనాన్ని నిజంగా నడిపించుకుని వెళ్తే తాళంచెవి ఎవరి దగ్గరుందో, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. అబద్ధపు రిపోర్టుని తుపాను పట్టుకునే లోపు డ్రిల్ పట్టుకుంటుంది.

కలవనిది. సైన్యం ఎక్సర్‌సైజులో "కాలువ దాటాం" అన్న అబద్ధం తెల్లారేలోపు బయటపడుతుంది. మా దగ్గర అలా కాదు. ఈ ఏడాది "పూర్తయింది" అని రాసిన పని కాలేదని తెలిసేసరికి రాసినవాడు రెండు బదిలీలు దాటి ఉంటాడు. ఆ కుర్చీలో ఉన్న కొత్తవాడు తిట్లు తింటాడు. కాబట్టి అబద్ధమాడితే ఫలితం అనుభవిస్తావు అనే పాఠం మా వాళ్ళకి అనుభవంలో దొరకదు. కోర్సులో కావాలని పెట్టాలి. నాకు తోచింది చెబుతాను: ఒక బృందం చేత సగం పని చేయించి, చార్జ్ అప్పగింత నోట్ రాయించండి. మిగతా సగం ఇంకో బృందానికి ఆ నోట్ మీదే ఆధారపడి చేయమనండి. ఆ రెండు బృందాల్నీ తర్వాత ఒకే గదిలో కూర్చోబెట్టండి. ఆ గదిలో నేర్చుకున్నది ఏ లెక్చరూ నేర్పదు.

ఇంకొకటి, నోటిమాట ఆదేశాలు. పైనుంచి ఫోను వస్తుంది, "ఇలా చేసేయ్" అని. అఖిల భారత సర్వీసుల ప్రవర్తన నియమాల్లో పై అధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగా ఉండాలనీ, నోటితో చెప్పాల్సి వస్తే వీలైనంత త్వరగా రాసి ధ్రువీకరించాలనీ ఎప్పట్నుంచో ఉంది. 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు కూడా అధికారులు నోటి ఆదేశాల మీద నడవకూడదని, అలాంటివి వస్తే రికార్డు చేయాలని చెప్పింది. ఇది నీతి గురించిన నియమంలా కనిపిస్తుంది గానీ, నన్నడిగితే ఇది పనితనం. అత్యవసరంలో రూలు పక్కన పెట్టాల్సిన రోజు ఏ అధికారికైనా వస్తుంది. వరద ముంచుకొస్తుంటే టెండరు పిలిచి పడవలు తేలేం. నిబంధన దాటినవాడు ఎందుకు దాటాడో అదే రోజు, తన పేరుతో, ఫైల్లో రాస్తే అది నిర్ణయం. రాయకపోతే అదే పని ఆరు నెలల తర్వాత అవినీతిలా కనిపిస్తుంది, ఒక్కోసారి అవినీతే అయి ఉంటుంది కూడా. మీ ట్రైనీలకి రెండో వారంలో రూలు దాటనివ్వండి. దాటిన ప్రతిసారీ అర పేజీ నోట్ రాయించండి. మొదటి వారం, రెండో వారం అక్కడ కలుస్తాయి.

ఇంకా ట్రైనీనే:

అందరూ సీనియర్లు మాట్లాడుతున్నారు కాబట్టి భయపడుతూనే అడుగుతున్నా. ఇవన్నీ వినడానికి బాగున్నాయి సార్. కానీ మా బ్యాచ్‌లో అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. "కాలేదు" అని రాసినవాడికి మెమో వస్తుంది, "అయింది" అని రాసినవాడికి మెచ్చుకోలు వస్తుంది. మార్షల్‌కి రూజ్వెల్ట్ దొరికాడు. దొరకనివాళ్ళ సంగతేంటి? కోర్సులో మాకు ధైర్యం నూరిపోసి, బయటికి పంపాక మీరు మాతో ఉండరు కదా.

అడ్డ ప్రశ్న:

ఇదీ ప్రశ్న అంటే. జవాబు చెప్పండి చూద్దాం.

పాత పటాలం:

తమ్ముడూ, నీకు తీపి మాట చెప్పను.

1968 మార్చి 16న వియత్నాంలో మై లాయ్ ఊళ్ళో అమెరికన్ సైనికులు నిరాయుధులైన ఊరివాళ్ళని చంపుతున్నారు. పైన హెలికాప్టర్లో తిరుగుతున్న హ్యూ థాంప్సన్ అనే వారంట్ ఆఫీసరు అది చూశాడు. ఆ సైనికులకీ, పారిపోతున్న ఊరివాళ్ళకీ మధ్య హెలికాప్టర్ దింపాడు. మనవాళ్ళు వీళ్ళ మీద కాల్పులు మొదలెడితే మీరు మనవాళ్ళనే కాల్చండి అని తన సిబ్బందితో చెప్పి, తాను దిగి వెళ్ళి కొంతమందిని బయటికి తెచ్చాడు. తిరిగొచ్చి పైవాళ్ళకి రిపోర్టు చేశాడు. దానికి ఆయనకి దక్కింది ఏళ్ళ తరబడి ద్రోహి అనే మాట, బెదిరింపులు. సైన్యం ఆయన్నీ, సిబ్బందినీ సోల్జర్స్ మెడల్‌తో గౌరవించింది 1998లో. ముప్పై ఏళ్ళు పట్టింది. సిబ్బందిలో ఒకడైన ఆండ్రియోటా అప్పటికి లేడు, మై లాయ్ తర్వాత కొద్ది వారాలకే యుద్ధంలో చనిపోయాడు.

అంటే నిజం చెప్తే మంచే జరుగుతుందని నేను చెప్పలేను. చెప్పే బోధకుడిని నమ్మొద్దు. నేను చెప్పగలిగింది వేరే. ఆ రోజు ఆ హెలికాప్టర్లో జరిగింది చూడు. ఆలోచించుకునే టైం లేదు, పై ఆర్డరు లేదు, అలాంటి పరిస్థితికి డ్రిల్ లేదు. అంతకంటే మారిన పరిస్థితి ఇంకేముంటుంది? ఈ కోర్సు భాషలో అది రెండో వారం. కానీ ఆయన్ని నేల మీదికి దింపింది మొదటి వారం.

నీ మెమో సంగతి. నువ్వు జూనియర్‌గా ఉన్నంతకాలం నీ పైవాణ్ణి మార్చలేవు. అయితే చేరిన మొదటి రోజు నుంచే నీ కింద ఎవరో ఒకరు ఉంటారు. పది మందో, ముప్పై మందో. వాళ్ళు నీ దగ్గరికొచ్చి "కాలేదు సార్" అన్నప్పుడు నీ మొహం ఎలా ఉంటుందన్నది మాత్రం పూర్తిగా నీ చేతిలో ఉంది. ఒక్కసారి కసురుకుంటే చాలు, ఆ తర్వాత నీకు మంచి వార్తలే వస్తాయి. నువ్వు బదిలీ అయ్యేదాకా మంచి వార్తలే వస్తాయి.

ఫైలు నోట్:

ట్రైనీ గారూ, ఒక చిన్న మెళకువ కూడా పట్టుకెళ్ళండి. "కాలేదు" అని ఒక్క ముక్క రాయకండి. ఎంత అయింది, ఏది ఆగింది, ఎవరి దగ్గర ఆగింది, ఏ తేదీకి అవుతుంది. నాలుగూ రాస్తే మెమో ఇవ్వడం పైవాడికి కష్టం, ఎందుకంటే ఆగిన చోట ఒక్కోసారి ఆయన టేబులే ఉంటుంది. నిజాయితీకి డ్రాఫ్టింగ్ కూడా రావాలి.

కొత్త బోధకుడు గారికి ఒక హెచ్చరిక. అమెరికా ఆర్మీలో 2002లో ఒక లెక్క తీశారు. కంపెనీ కమాండరుకి ఏడాదిలో శిక్షణకు దొరికే రోజులు 256. తప్పనిసరిగా చేయాలని పైనుంచి వచ్చిన శిక్షణలన్నీ కలిపితే 297 రోజుల పని. ఆ తక్కువ పడిన రోజులు ఎక్కడ నుంచి వచ్చాయి? సంతకాల నుంచి. 2015లో వాళ్ళ వార్ కాలేజీ పరిశోధకులిద్దరు ఇదే విషయం బహిరంగంగా రాశారు: మంచివాళ్ళనుకునే ఆఫీసర్లే చేయని పనికి చేసినట్టు సంతకాలు పెట్టడం అలవాటు చేసుకున్నారని, దాన్ని అబద్ధంగా అనుకోవడం కూడా మానేశారని. మీ కోర్సులో ఒక్కో ట్రైనీ ఎన్ని ఫారాలు నింపాలో ఒకసారి కూర్చుని లెక్కేయండి. నింపలేనన్ని ఫారాలు పెడితే, నైతికత వారంలోనే అబద్ధం నేర్పినవాళ్ళమవుతాం.

కొత్త బోధకుడు:

ఫారాల మాట సూటిగా తగిలింది. ఇప్పుడే తీసి చూశాను, 'విలువల వారం'లో రోజూ సాయంత్రం నింపాల్సిన ఆత్మపరిశీలన పత్రం ఉంది. మొత్తం బ్యాచ్ ఒకరిది చూసి ఒకరు రాస్తున్నారని మాకూ తెలుసు. దాన్ని తీసేస్తాను.

రెండు వారాలూ కలిపేద్దామని ఉంది. మొదటి రోజు నుంచే టాస్కులు, వాటి మీదే చర్చ. ఒక్కటి తేలడం లేదు: మార్కులు ఎలా? నిజం చెప్పినందుకు మార్కులు వేస్తే, మార్కుల కోసం నిజం చెప్తారు. వేయకపోతే ఎవరూ పట్టించుకోరు.

పాత పటాలం:

మేం చేసిన పద్ధతి చెబుతాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

రాత్రి నడక. బృందానికి మూడు చెక్‌పాయింట్లు, ఒక్కోదానికి టైం. రెండోదానికి వెళ్ళే దారి మూసేసి ఉంటుంది, ఆ సంగతి మ్యాప్‌లో ఉండదు. చుట్టు తిరిగితే టైం దాటుతుంది. సరిగ్గా ఆ టైంకి రేడియోలో అడుగుతాం: "ఎక్కడున్నారు?" చెక్‌పాయింట్ దగ్గర చీకట్లో మా మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. అదేం రహస్యం కాదు, ముందే చెప్పేవాళ్ళం. అయినా అలసిపోయిన బృందం "చేరాం" అనేది. ఆ ఒక్క మాట వినడానికే ఆ రాత్రంతా పెట్టేవాళ్ళం.

ఆ రిపోర్టుకి మార్కులు ఉండేవి కావు. దాని మీద తర్వాతి పని ఆధారపడేది. "చేరాం" అంటే ఆ మాట నమ్మి వెనక బృందాన్ని కదిలించేవాళ్ళం. ఆ బృందం మూసేసిన దారిలోకే వచ్చి ఇరుక్కునేది. "చేరలేదు, దారి మూసి ఉంది" అన్న రిపోర్టు వస్తే వెనకవాళ్ళని వేరే దారిలో పంపేవాళ్ళం, మొత్తం కంపెనీ టైంకి చేరేది. మార్కులు కంపెనీకి వేసేవాళ్ళం. ఎవరి రిపోర్టు ఎవర్ని ముంచిందో మేం చెప్పాల్సిన పని ఉండేది కాదు.

పొద్దున్నే సమీక్ష. దీన్ని అమెరికన్లు 1980ల నుంచి ఫోర్ట్ ఇర్విన్ శిక్షణ కేంద్రంలో బాగా సాన పెట్టారు. అక్కడ ఉండే ప్రత్యర్థి దళం వచ్చిన ప్రతి యూనిట్‌కీ చుక్కలు చూపిస్తుంది, ఎవరు ఎప్పుడు ఎవర్ని కాల్చారో లేజర్ పరికరాలు పట్టేస్తాయి, ఆ వెంటనే అందరూ కూర్చుంటారు. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు, మళ్ళీ ఎలా చేద్దాం. రికార్డు ఎదురుగా ఉంటుంది కాబట్టి వాదనకి చోటు తక్కువ. మా దగ్గర లేజర్లు ఉండేవి కావు, రేడియో లాగ్ ఉండేది. అది చదివి వినిపించేవాళ్ళం. ముందు అందరికన్నా జూనియర్ మాట్లాడాలి, బృంద నాయకుడు చివర్లో. వరస తిరగేస్తే సమీక్ష ప్రసంగమైపోతుంది.

అబద్ధం చెప్పినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టకండి. పక్కకి పిలిచి అడగండి, ఆ క్షణంలో ఏమనుకున్నావని. నాకు ఎక్కువసార్లు వచ్చిన జవాబు "ఐదు నిమిషాల్లో చేరిపోతాం కదా అనుకున్నాను సార్". చెడ్డవాడి జవాబు కాదది. అందుకే దాంతో పనుంది. రెండోసారీ అదే చేసినవాడి ఫైలు మీద మాత్రం మొహమాటపడకండి, పంపించేయండి. ఆ అధికారం మీకు లేకపోతే కోర్సు మొదలెట్టకముందే అడిగి తెచ్చుకోండి.

అడ్డ ప్రశ్న:

పంపించేయమన్నారు చూశారా, తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చారు. వడపోత.

పాత పటాలం:

వడపోతే. కాకపోతే చివర్లో, పని చూశాక.

కొత్త బోధకుడు:

రాత్రి నడక, చార్జ్ అప్పగింత నోట్, రూలు దాటితే అర పేజీ. ఈ మూడిటితో కొత్త డ్రాఫ్ట్ రాస్తున్నాను. సివిల్ వైపు వాళ్ళకి రాత్రి నడక ఎందుకని పైనుంచి అడుగుతారు, దానికి జవాబు రాసిపెట్టుకోవాలి. ప్రతిజ్ఞ మాత్రం తీయలేను, అతిథులు వచ్చేది దానికే.

ఫైలు నోట్:

ప్రతిజ్ఞ ఉండనివ్వండి, ఎవరికీ నష్టం లేదు. రాత్రి నడక ఎందుకని అడిగితే, తుపాను ఏ టైంలో వస్తుందో ముందు చెప్పమనండి. డ్రాఫ్ట్‌లో ఇంకో లైను చేర్చండి: మొదటి నడక, మొదటి సమీక్ష బోధకులకే, ట్రైనీలు రాకముందు. రేడియో లాగ్ మీ డైరెక్టరు గారే చదవాలి.